విండోస్ 10 గడువు దాటింది: పాత కంప్యూటర్‌కి ఏ దారి మంచిది?

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి బజారులో నాదొక చిన్న రిపేరు బల్ల. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి పాతపట్నం నుంచి వచ్చినా, కాశీనగర్ నుంచి వచ్చినా, గుణుపూర్ నుంచి వచ్చినా చాలామంది అడిగేది ఒకటే. "మాస్టారూ, ఇది ఇంకా పనిచేస్తుందా? మార్చేయాలా?"

పనిచేస్తుంది. ఆ తేదీ దాటిందని కంప్యూటర్ ఏమీ ఆగిపోదు. ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకి మాత్రం కొత్త మరమ్మతులు రావు. సినిమాలు చూసుకునే కంప్యూటర్‌కి ఇది పెద్ద టెన్షన్ కాదు. రోజూ బ్యాంకు లాగిన్లు, జనం ఆధార్ కాగితాలు నడిచే కంప్యూటర్‌ని మాత్రం అలా వదిలేయకూడదు.

దారులు నాలుగున్నాయి: విండోస్ 10నే పొడిగింపు అప్‌డేట్లతో నడపడం, విండోస్ 11కి వెళ్లడం, లినక్స్ మింట్ వేసుకోవడం, క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేసుకోవడం. చివరి రెండూ విండోస్‌కి బదులుగా కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఓఎస్‌లు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఏది గొప్పదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీ కంప్యూటర్‌కి ఏమేం తగిలించి ఉన్నాయి, దాని మీద ఏ లిపిలో టైపు చేస్తారు, చెడితే బాగుచేసేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు? ఈ మూడూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

## ముందు వెనక వైపు వైర్లు చూడండి

ఒక జెరాక్స్ షాపు తమ్ముడి కంప్యూటర్ చాలా నెమ్మదిగా ఉండేది. నేను ఉత్సాహంగా లినక్స్ వేసి ఇచ్చాను. కంప్యూటర్ పరుగెత్తింది. మర్నాడు పొద్దున్న పిల్లలు పరీక్ష ఫారాలకి వరసలో నిలబడితే ప్రింటర్ ఒక్క కాగితం తీయలేదు. అడిగి చూసుకోకపోవడం నా తప్పే. ఆ రాత్రే కూర్చుని తిరిగి విండోస్ వేశాను. అప్పటి నుంచి ఎవరు వచ్చినా మొదట వైర్ల గురించే అడుగుతున్నాను.

పాత లేజర్ ప్రింటర్లలో చాలా వాటికి కంపెనీ సొంత డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఉంటేనే పని జరుగుతుంది. కేనన్ ఎల్‌బీపీ 2900 వాడేది క్యాప్ట్ అనే సొంత పద్ధతి. లినక్స్‌లో దాన్ని నిలబెట్టడం శ్రమతో కూడిన పని. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 నడుస్తుంది, కాకపోతే హెచ్‌పీ ప్లగిన్‌ని విడిగా దించుకోవాలి. కొత్త ఇంకు ట్యాంకు ప్రింటర్లు, వైఫై ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు.

వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్, ట్యాలీ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా విండోస్ వదలకండి. మో సేవా కేంద్రం (ఒడిశాలో ప్రభుత్వ సేవలు అందించే కేంద్రం) నడిపేవాళ్లకి, ఆధార్‌తో డబ్బు తీసిచ్చేవాళ్లకి ఇది తప్పనిసరి. మన షాపుల్లో వాడే వేలిముద్ర పరికరాల సాఫ్ట్‌వేర్‌ని కంపెనీలు ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే చేస్తున్నాయి.

## రెండు లిపుల సంగతి

హైదరాబాద్‌లో రాసిన సలహాల్లో ఈ విషయం కనపడదు. మన దగ్గర మాత్రం ఒకే కుర్చీలో కూర్చుని ఉదయం తెలుగు శుభలేఖ, మధ్యాహ్నం తహసీల్దారుకి ఒడియా దరఖాస్తు కొట్టాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

మీ పాత ఫైళ్లు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు అవే అక్షరాలుగా ఉండే పద్ధతి) ఉన్నాయా లేదా అన్నది మొదట తేల్చుకోండి. తెలుగు డీటీపీలో అను ఫాంట్లు, ఒడియాలో అక్రుతి ఏళ్ల తరబడి నడిచాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పదేళ్ల శుభలేఖల డిజైన్లు ఇలా దాచుకున్న షాపు విండోస్ మీద ఉండడమే మంచిది. మీరు టైపు చేసేవన్నీ యూనికోడ్‌లో ఉంటే నాలుగు దారులూ మీకు తెరిచే ఉన్నాయి.

యూనికోడ్‌కి మారాలనుకునేవాళ్లకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమని గట్టిగా చెబుతాను. కె మీట కొడితే తెలుగులో క, ఒడియాలోనూ క. హెచ్ మీట కొడితే రెండింటిలోనూ ప. తెలుగులో వేళ్లు అలవాటైతే ఒడియా కోసం మళ్లీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. సరిహద్దులో బతికే టైపిస్టుకి ఇంతకన్నా లాభం ఏముంటుంది? విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇది ఉచితంగా ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో "అమ్మ" అని కొట్టడం అలవాటైనవాళ్లకి విండోస్ 10లో 2019 మే నుంచి తెలుగు, ఒడియా ఫొనెటిక్ కీబోర్డులు వచ్చాయి, విండోస్ 11లోనూ ఉన్నాయి. భాష మార్చడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే చాలు. మింట్‌లో ఐబస్ అనే పద్ధతిలో ఎం17ఎన్ కీబోర్డులు చేర్చుకోవాలి. డీటీపీ వాళ్లకి అలవాటైన యాపిల్ వరసకి దగ్గరగా ఉండేది కూడా అందులో దొరుకుతుంది.

సవర పిల్లలకి పాఠాలు తయారుచేసే టీచర్లకి కూడా ఒక మాట. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉండి సవర భాష మీద పనిచేసిన రోజుల్లో దానికి ఆయన తెలుగు లిపినీ వాడుకోవాల్సి వచ్చింది. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకే సొరా సోంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. విండోస్‌తో వచ్చే నిర్మల యూఐ ఫాంటులో ఆ అక్షరాలు ఉన్నాయి. లినక్స్‌లోనైతే నోటో సాన్స్ సొరా సోంపెంగ్ వేసుకోవాలి. మూడు లిపులూ ఒకే కంప్యూటర్‌లో చక్కగా కలిసి ఉంటాయి.

## లోపల ఏముంది, కరెంటు ఎలా ఉంది

ఇంటెల్ ప్రాసెసర్ పేరులో గీత తర్వాత వచ్చే అంకె చూడండి. ఐ3-4130 అంటే నాలుగో తరం, ఐ5-8400 అంటే ఎనిమిదో తరం, ఐ5-10400 అంటే పదో తరం. విండోస్ 11కి ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 వరస నుంచి పనికొస్తాయి.

డిస్క్ ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే అయితే, ఏ దారి పట్టినా ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. నెమ్మదిగా ఉందని నా దగ్గరికి వచ్చిన చాలా కంప్యూటర్లకి ఆ ఒక్క మార్పుతోనే కొత్త ప్రాణం వచ్చింది. ర్యామ్ నాలుగు జీబీ ఉంటే ఎనిమిదికి పెంచండి.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను తర్వాత నా బల్ల మీదకి వచ్చినవన్నీ కాలిన ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్ లోపలి కరెంటు పెట్టెలు), చెడిన హార్డ్‌డిస్కులే. వోల్టేజీ ఎగిరిపడే చోట యూపీఎస్ లేకుండా ఏ ఓఎస్ వేసినా దానికి ప్రమాదమే. యూపీఎస్ ఉన్నా బ్యాటరీ చచ్చిపోతే అది ఉట్టి డబ్బా. నెలకోసారి పని లేనప్పుడు ప్లగ్ తీసి ఎంతసేపు ఆగుతుందో చూడండి.

గుమ్మ, మోహన కొండల వైపు ఊళ్లవాళ్లు ఇంకొకటి ఆలోచించుకోవాలి. మెకానిక్ దగ్గరికి రావాలంటే ఒక రోజు పోతుంది. మీ ఊళ్లో ఎవరికో ఒకరికి తెలిసిన ఓఎస్, ఎవరికీ తెలియని మంచి ఓఎస్ కన్నా మేలు.

## విండోస్ 10ని పొడిగింపుతో నడపడం

ఇంట్లో వాడే కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్ల పొడిగింపు ఇచ్చింది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినై సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. అది ఇష్టం లేకపోతే 1000 రివార్డ్ పాయింట్లు ఇవ్వాలి, లేదా 30 డాలర్లకి సమానమైన డబ్బు ఒకసారి కట్టాలి. ఒకే అకౌంటు కింద పది కంప్యూటర్ల దాకా ఇది చెల్లుతుంది. ఆఫీసు డొమైన్‌లో కలిపిన కంప్యూటర్లకి ఈ దారి లేదు.

ఏమీ కదపక్కర్లేదన్నదే ఇందులో ఉన్న సుఖం. ప్రింటరు, ఫాంట్లు, వేలిముద్ర మిషను ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఇది వాయిదా మాత్రమే. ఈ గడువులోగా డబ్బు సర్దుకుని కంప్యూటర్ మార్చాలనుకునే షాపుకి నేను ఇదే చెబుతాను. మార్చే ఆలోచన లేనివాళ్లు దీన్ని పట్టుకుని కూర్చోకండి.

## విండోస్ 11

ప్రాసెసర్‌తో పాటు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. 4 జీబీతో నడుస్తుందన్నది కాగితం మీద మాట. నా అనుభవంలో 8 జీబీ లేకపోతే విసుగు తప్పదు.

"మీ కంప్యూటర్‌కి విండోస్ 11 రాదు" అనే మెసేజ్ చూసి వెంటనే కొత్తది కొనకండి. ఎనిమిదో తరం దాటిన ఎన్నో డెస్క్‌టాపుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనే పేరుతో, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతికి ఆన్ చేయండి. సెక్యూర్ బూట్‌కి డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, డేటా పోకుండా జీపీటీకి మార్చే టూల్ విండోస్ 10లోనే ఉంది. అయినా బ్యాకప్ తీసుకోకుండా ఆ పని మొదలుపెట్టకండి.

సరిపడని కంప్యూటర్‌కి కూడా అడ్డదారిలో విండోస్ 11 వేసే పద్ధతులు ఉన్నాయి. సొంత ప్రయోగానికైతే సరే. నలుగురి పని జరిగే షాపులో నేను అలా వేయను. ఇలాంటి కంప్యూటర్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఇంకో జాగ్రత్త. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా వేసుకున్న కంప్యూటర్లలో డిస్క్ దానంతటదే తాళం పడవచ్చు. ఆ తర్వాత బయోస్ కదిపినా, బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. వేసిన రోజే దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పిల్లాడెవడో తెరిచిన అకౌంటు, దాని పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేదు, అంటూ వచ్చినవాళ్లకి నేను ఏమీ చేయలేకపోయాను.

## లినక్స్ మింట్

నాలుగో తరం, ఆరో తరం కంప్యూటర్లు ఇంకా పారేయాల్సిన వస్తువులు కావు. వాటికి నా మొదటి మాట మింట్. 22 వరస మింట్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసుకోండి, 8 ఉంటే సిన్నమన్. కింద మెనూ, గడియారం, కిటికీలు అన్నీ విండోస్ వాడినవాళ్లకి కొత్తగా ఉండవు.

దీని గొప్ప సుగుణం ఏమిటంటే వేసేముందే చూసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద పెట్టి దాని నుంచే బూట్ చేయండి. డిస్క్‌ని ముట్టుకోకుండానే మింట్ నడుస్తుంది. ఆ గంటలో మీ ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి, వైఫై కలపండి, ఒక తెలుగు ఫైలు, ఒక ఒడియా ఫైలు తెరవండి. నాలుగూ సరిగ్గా వస్తేనే ముందుకు వెళ్లండి. ఆ జెరాక్స్ షాపులో నేను చేయని పని ఇదే.

మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే టూల్ ఉంది. వేసిన రోజే దాన్ని ఆన్ చేయండి. ఏదైనా అప్‌డేట్ తర్వాత చెడితే నిన్నటి స్థితికి తీసుకుపోతుంది. అది కాపాడేది సిస్టమ్‌నే. మీ ఫొటోలు, ఫైళ్లు మాత్రం విడిగా బ్యాకప్ తీసుకోవాలి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లిబ్రె ఆఫీస్‌లో తెరుచుకుంటాయి. పట్టికలు, సరిహద్దు గీతలు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ ఫారాలు ఒక్కోసారి పక్కకి జరుగుతాయి. పంపేముందు పీడీఎఫ్ చేసి పంపండి.

## క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్ ఉంటే చాలు, ఉచితం. క్రోమ్ బ్రౌజర్‌లో జరిగే పనులన్నీ జరుగుతాయి, వైరస్ బెడద తక్కువ. ప్లే స్టోర్ యాప్‌లు రావు. డిస్క్ మొత్తం తుడిచేసి కూర్చుంటుంది, పక్కన విండోస్ ఉంచుకునే వీలు లేదు. నెట్ లేకపోతే చేసేది తక్కువ. వీడియో కాల్స్, యూట్యూబ్, మెయిల్ తప్ప ఇంకేమీ అక్కర్లేని పెద్దవాళ్లకి, మంచి నెట్ ఉన్న ఇంట్లో ఇది హాయిగా ఉంటుంది.

| చూడాల్సినది | విండోస్ 10 పొడిగింపు | విండోస్ 11 | లినక్స్ మింట్ 22 | క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ |
|---|---|---|---|---|
| హాయిగా నడవాలంటే ర్యామ్ | 4–8 జీబీ | 8 జీబీ | 4 జీబీ | 4 జీబీ |
| పాత లేజర్ ప్రింటర్ | నడుస్తుంది | చాలావరకు నడుస్తుంది | ముందు పరీక్షించాలి | నమ్మకం లేదు |
| అను, అక్రుతి ఫైళ్లు | సరే | సరే, డీటీపీ సాఫ్ట్‌వేర్ పాతదైతే చూసుకోవాలి | వద్దు | వద్దు |
| వేలిముద్ర, ట్యాలీ | సరే | సరే | వద్దు | వద్దు |
| నెట్ లేకుండా పని | సరే | సరే | సరే | కష్టం |
| అప్‌డేట్లు | 2026 అక్టోబర్ 13 వరకు | వస్తూనే ఉంటాయి, ఏటా వెర్షన్ మార్చుకోవాలి | 2029 వరకు | కంప్యూటర్ మోడల్‌ని బట్టి |

## ఎవరికి ఏది

జెరాక్స్, డీటీపీ షాపు: ఎనిమిదో తరం దాటితే విండోస్ 11. లేకపోతే పొడిగింపు తీసుకుని, ఆలోగా ఒక మంచి సెకండ్‌హ్యాండ్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ కొనుక్కోండి. రెండో కంప్యూటర్ ఉంటే దాని మీద మింట్ వేసి బ్రౌజింగ్‌కి, ఫారాలు నింపడానికి వాడండి.

డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు: మింట్. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి ఇది చదువులో భాగమే. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ సాఫ్ట్‌వేరే తప్పదంటే డిస్క్‌ని రెండు భాగాలు చేసి రెండూ ఉంచుకోండి.

బడిలో టీచరు: ఏ లిపిలో పని చేస్తారో దాన్ని బట్టి. యూనికోడ్ అయితే మింట్ చాలు. జిల్లా ఆఫీసు అక్రుతిలోనే ఫైళ్లు పంపుతుంటే మాత్రం విండోస్.

ఫోన్ హాట్‌స్పాట్ మీదే నెట్ నడిచే ఇల్లు: ఏ విండోస్ అయినా సరే, ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. లేకపోతే ఒక్క అప్‌డేట్‌తో రోజు డేటా అయిపోతుంది. మింట్‌లో అప్‌డేట్లు ఎప్పుడు దించాలో మీ చేతిలోనే ఉంటుంది.

## మార్చాక వచ్చే తలనొప్పులు

ఏ వెబ్‌సైటు తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటే మొదట కింద తేదీ చూడండి. బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ఏళ్ల వెనక్కి పోతుంది. చిన్న బిళ్ల మారిస్తే అయిపోయే పని. దీని కోసం ఓఎస్ మార్చేసుకున్నవాళ్లని చూశాను, చాలా బాధేసింది.

విండోస్ మళ్లీ వేశాక పాత తెలుగు ఫైలు రూపు మారిపోయిందంటే గౌతమి ఫాంటు లేకపోవడమే కారణం కావచ్చు. ఒడియా ఫైలైతే కళింగ ఫాంటు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లు, ఒడియా సప్లిమెంటల్ ఫాంట్లు చేర్చండి.

ప్రింట్ ఇస్తే వరసలో ఇరుక్కుని కదలడం లేదా? సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని ఆపండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫోల్డర్‌ని ఉంచి లోపలి ఫైళ్లు మాత్రం తీసేసి, స్పూలర్‌ని మళ్లీ మొదలుపెట్టండి.

కరెంటు పోయి వచ్చాక మింట్ నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఆగిపోతే భయపడకండి. ఫైల్ సిస్టమ్‌ని సరిచేయమని అడుగుతోంది. దాని పైన ఏ పార్టిషన్ పేరు చెప్పిందో చూసి, ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ తర్వాత ఆ పేరు కొట్టండి. ఇది వారానికి రెండుసార్లు వస్తుంటే మాత్రం డిస్క్ చావుకి దగ్గరపడిందేమో చూసుకోండి. అప్పుడు రిపేరు కన్నా ముందు డేటా కాపీ చేసుకోవాలి. విండోస్‌లోనూ ఇంతే: డిస్క్ చప్పుడు చేస్తుంటే చెక్‌డిస్క్ నడపకండి, ముందు ఫైళ్లు బయటికి తీయండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత టూల్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది.

రెండు ఓఎస్‌లూ ఉంచుకున్నవాళ్లకి గడియారం అయిదున్నర గంటలు తేడాగా కనిపిస్తుంది. బోర్డు గడియారాన్ని విండోస్ మన టైముగా చదువుతుంది, లినక్స్ గ్రీన్‌విచ్ టైముగా చదువుతుంది. మింట్‌ని లోకల్ టైముకి మార్చితే సరిపోతుంది. అలాగే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మింట్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

ఎస్‌ఎస్‌డీ వేయించుకునేవాళ్లు పాత హార్డ్‌డిస్క్‌ని వెంటనే తుడిచేయించకండి. దాన్ని తీసి, తేదీ రాసిన కాగితం అంటించి, పొడిగా ఉండే చోట ఒక నెల ఉంచండి. పెళ్లి ఫొటోలో, పొలం కాగితం స్కానో కాపీ కాలేదని సాధారణంగా రెండు మూడు వారాల తర్వాతే గుర్తొస్తుంది.